బొంత బరువు

నిద్రపోతున్న బిడ్డను తూకం కోసం లేపకూడదు. ఎక్కడా రాసిపెట్టని నియమమే అయినా ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో ఆమె దాన్ని ఎన్నడూ దాటలేదు. అందుకే ఈ పూట కూడా, మూడంతస్తుల మెట్లెక్కిన ఆయాసం ఇంకా తీరకముందే, భుజాన ఉన్న సంచిని చప్పుడు కాకుండా నేలమీద దించి, గోడవారగా ఉన్న స్టూలు మీద కూర్చుంది. సంచిలో కొక్కేనికి వేలాడదీసే స్ప్రింగు తూకం, బిడ్డను కూర్చోబెట్టే గుడ్డతొట్టి, కడుపు కొలిచే టేపు, పిల్లల పెరుగుదల కార్డులు. ఈ వీధుల్లో గర్భిణులకూ బాలింతలకూ ఆమె తూకాలమ్మ. అసలు పేరు తల్లీబిడ్డల కేంద్రంలోని హాజరుపట్టీకి తప్ప ఎవరికీ అక్కర్లేదు. "పాప పడుకుంది మేడమ్. లేచాక చూద్దురుగాని," అని తలుపు తీసిన అమ్మాయి వెనక్కి వెళ్లి కిటికీ పక్కన కుట్టుమిషను ముందు కూర్చుని మళ్లీ తొక్కడం మొదలుపెట్టింది. మేడమ్! నిన్నమొన్నటిదాకా ఆంటీ. తూకాలమ్మ ఇంకా రెండో అంతస్తులో ఉండగానే పైనుంచి వంగి, "ఆంటీ, ఇవాళ మీ తూకం నన్ను మెచ్చుకుంటుందా, తిడుతుందా?" అని మెట్లన్నీ మారుమోగేలా అడిగే పిల్ల. ఇవాళ తల వంచుకుని కుడుతోంది. చెప్పాల్సింది ఒక్క మాట. ఎక్కుతూ ఎక్కుతూ అంతస్తుకొకసారి చొప్పున మూడుసార్లు చెప్పి చూసుకుంది కూడా: తప్పు నాదమ్మా, నీ పాలది కాదు. మెట్ల మీద చక్కగానే వచ్చింది మాట. గడప దాటాక మాత్రం రాలేదు.

కిటికీ గట్టు మీద పాలసీసా బోర్లించి ఉంది, పక్కనే దాన్ని కడిగే సన్నటి బ్రష్షు, మూత తీసిన పాలడబ్బా. సీసా శుభ్రంగానే కడిగింది, ఏ పనైనా శుభ్రంగానే చేస్తుంది ఈ అమ్మాయి. పాప మంచం మీద వెల్లకిలా, రెండు చేతులూ తలకు అటూ ఇటూ ఎత్తిపెట్టి, ఎవరో బెదిరిస్తే లొంగిపోయినట్టు పడుకుని ఉంది. లొంగింది చేతులే, పిడికిళ్లు లొంగలేదు, బిగించే ఉన్నాయి. పుట్టిన నాలుగో రోజున తూకాలమ్మ అక్క వచ్చి చూసి, ఆ వేళ్లు విప్పబోయి ఓడిపోయి, "దీని దగ్గరేదో ఉందే, చూపించట్లేదు, గడుసుపిండం," అని పిడికిలి అని పేరు పెట్టింది. ఇంట్లో వాళ్లు ఇంకా మంచి పేరు ఆలోచిస్తూనే ఉన్నారు, పాప మాత్రం పిడికిలిగా స్థిరపడిపోయింది. అక్క ఇల్లు దాటి బయటికి రావడం అదే ఆఖరు. అంతస్తుకొకచోట ఆగి, గోడ పట్టుకుని నవ్వుతూ, "బిడ్డల్ని కనేవాళ్లంతా పై అంతస్తుల్లోనే ఎందుకుంటారే చిట్టీ, మన మోకాళ్ల మీద పగా?" అని. తనకు యాభై రెండేళ్లు వచ్చినా అక్కకు చిట్టీయే. తమ తల్లి పొద్దున్నే పనికి వెళ్లిపోతే, ఎనిమిదేళ్ల అక్క తనను చంకనెత్తుకుని తిరిగిందట. తర్వాత ఈ ఉద్యోగమూ అక్కే నేర్పింది. తూకం ఎలా పట్టాలి, ముల్లు నిలకడగా ఆగేదాకా ఊపిరి ఎలా బిగబట్టాలి, తిట్టే అత్తగార్ల ముందు ఎలా నవ్వాలి. అన్నిటికంటే ముందు నేర్పింది ఒకటే, బిడ్డను వట్టి ఒంటితో తూచాలి. "గుడ్డ పాలు తాగదే చిట్టీ, దాన్నెందుకు తూస్తావు?"

ఆ గుడ్డనే తూచింది. ఇప్పుడు పాప కింద పరిచి ఉన్న ఆ బొంతనే.

మిషను చప్పుడు గదంతా ఒకే తీరుగా నిండి ఉంది, వాన పడుతున్న రేకుల కింద కూర్చున్నట్టు. ఆ చప్పుడులో కళ్లు బొంత మీద నిలిచిపోయాయి. అంతా తెల్లముక్కలే, ఈ అమ్మాయి కుట్టే చొక్కాల కాలర్లలో మిగిలిన తుంపులు. కాలరు నిలబడటానికి లోపల పెట్టే గట్టి గుడ్డ కూడా వాటికి అంటుకునే ఉంది. కడుపుతో ఏడో నెలలో కేంద్రానికి వచ్చినప్పుడు ఒక సంచి నిండా తెచ్చి, "ఆంటీ, మీ అక్కగారు చంటిపిల్లలకు బొంతలు కుడతారటగా, ఈ ముక్కలు పనికొస్తాయేమో," అని ఇచ్చింది. అక్క అప్పటికే ఎక్కువసేపు మంచం మీదే ఉంటోంది, చూపూ తగ్గింది. అయినా సంచి ఒళ్లో పెట్టుకుని ముక్కలన్నీ తడిమి, "దీంతో బొంత కుడితే అది బొంత కాదే, కవచం," అని మురిసిపోయింది. అంతకు ముందు కుట్టినవన్నీ మెత్తటి పాతగుడ్డలు, చేత్తో పడితే పావు కిలో కూడా తూగవు. ఇది కుట్టడానికి రెండు నెలలు పట్టింది. సూది దిగక వేలికి తొడుగు పెట్టుకుని కుట్టింది. కుట్లు పెద్దపెద్దవి, వంకరటింకరవి, అంచు దగ్గర ఒకచోట వెనక్కి కూడా తిరిగాయి. చూపులేక తిరిగాయా, మనసులో ఏదో పడి తిరిగాయా, ఇక ఎవరు చెబుతారు. అక్క అయితే వంకర కుట్టును కూడా ఒప్పుకునేది కాదు. "అది వంకర కాదు, పూవు," అనేది.

అక్క పోయాక రెండు వారాలకు పనిలోకి వచ్చిన మొదటిరోజు, అది కేంద్రంలో తూకాల రోజు. వరసలో తల్లులు, ఒళ్లలో పిల్లలు, ఒకడి ఏడుపుకి ఇంకొకడు అందుకునే ఏడుపు. పరామర్శలు అయ్యాయి, ఆమె కూడా తల ఊపింది, కళ్లు పొడిగానే ఉన్నాయి, బాగానే నెట్టుకొస్తున్నాననుకుంది. ఈ అమ్మాయి వంతు వచ్చి పాపను చేతుల్లో పెట్టింది. పాప ఈ బొంతలో చుట్టి ఉంది. తన బొటనవేలి కిందికి సరిగ్గా ఆ వెనక్కి తిరిగిన కుట్టు వచ్చింది. విప్పాలి. విప్పాలని తెలుసు, ఏటా కొత్తగా చేరే పిల్లలకు తానే పాఠం చెబుతుంది. చేతులు వినలేదు. అక్క కట్టిన మూట విప్పినట్టవుతుందని అనుకుందో, అసలేమీ అనుకోలేదో, బొంతతో సహా పాపను గుడ్డతొట్టిలో ఉంచి కొక్కేనికి తగిలించింది. ముల్లు ఐదు దగ్గర ఆగింది. "ఐదు కిలోలు! రెండో నెలకే! నీ పాలు అమృతమమ్మా," అంది. ఆ అమ్మాయి వెనక్కి తిరిగి వరసంతటికీ వినిపించేలా "ఐదంట!" అని ఎగిరినంత పని చేసింది. కార్డు మీద చుక్క పెట్టి, వెనకటి చుక్కతో గీత కలిపి, తర్వాతి బిడ్డను అందుకుంది. ఆ తర్వాతి బిడ్డ గుడ్డలు మాత్రం విప్పింది. అదే అర్థం కాదు. ఆ రోజు ఇరవై మూడు మందిని తూచింది, ఇరవై రెండు మందికి విప్పింది.

మూడో నెల తూకానికి ఎండ ముదిరింది, పాప పల్చటి జుబ్బాతో వచ్చింది, దాన్నీ తీసేసి తూచారు. మళ్లీ ఐదే. వాళ్ల పనిలో బిడ్డ కార్డు గురించి చెప్పడానికి మూడే మాటలు: గీత లేచింది, గీత పడుకుంది, గీత జారింది. పిడికిలి గీత పడుకుంది. నెల రోజుల్లో గ్రాము పెరగలేదు. "మరి బాగా తాగుతోంది కదా ఆంటీ, తాగి తాగి నా ఒళ్లోనే సొమ్మసిల్లుతుంది," అంది ఆ అమ్మాయి. అప్పుడు తాను అన్న మాట ఇప్పుడీ స్టూలు మీద కూర్చుంటే చెవిలో మళ్లీ పడుతోంది. మెత్తగానే అంది, చెయ్యి పట్టుకునే అంది. "తాగుతున్నట్టే ఉంటుందమ్మా." కార్డు మీద గీతను నమ్మింది, ఎదురుగా నిలబడ్డ తల్లిని నమ్మలేదు. వారం తర్వాత రమ్మంది. రాలేదు. పని ఎక్కువగా ఉందని కబురు పంపింది. పాలడబ్బా కొన్నారని పక్కింటావిడ చెప్పింది. ఇరవై రోజులు గడిచాయి.

"నీళ్లు తాగుతారా మేడమ్?" కాళ్లు ఆడుతూనే ఉన్నాయి, తల మాత్రం సగం ఇటు తిప్పి అడిగింది.

"వద్దమ్మా. నీ పని కానీ."

"ఎండన పడి వచ్చారు కదా."

"అలవాటేలే."

అంతే. ఇంతకు ముందైతే అడగడమేమిటి, గ్లాసు చేతిలో పెట్టి, తాగేదాకా నడుం మీద చేతులు వేసుకుని నిలబడేది. కడుపుతో ఉన్నప్పుడు ఈ స్టూలు మీదే తాను, ఆ మంచం మీద ఆమె. టేపుతో పొట్ట కొలుస్తుంటే చక్కిలిగింతలని మెలికలు తిరిగేది. నేను రోజూ జనం మెడలు కొలుస్తాను, నన్ను కొలిచేది మీరొక్కరే ఆంటీ అనేది. ఎనిమిదో నెలలో ఒకనాడు భయపడిపోయి పరుగెత్తుకొచ్చింది, కదలికలు ఆగిపోయాయని. పడుకోబెట్టి చెయ్యి వేస్తే లోపల నిక్షేపంగా తంతోంది. ఆరా తీస్తే తేలింది, మిషను తొక్కుతున్నంతసేపూ లోపల పిల్ల హాయిగా నిద్రపోతుంది, మిషను ఆగితే లేచి తన్నులు మొదలుపెడుతుంది. ఆ రోజు పెద్ద ఆర్డరు, పొద్దుటి నుంచీ ఆపకుండా తొక్కింది. విని అక్క మంచం మీదే పొట్ట పట్టుకుని నవ్వింది. "అమ్మ పని చేస్తుంటే నిద్ర, అమ్మ నడుం వాల్చగానే గొడవ, ఈ విద్య కడుపులోనే మొదలుపెట్టిందన్నమాట!" అక్కకు పిల్లల్లేరు. ఈ వీధుల్లో ముప్పై ఏళ్ల లోపు వాళ్లలో సగంమంది ఆమె చేతుల్లో తూగినవాళ్లే. పోయిన రోజున ఎవరెవరో వచ్చారు, మీసాలవాళ్లు, ఉద్యోగాలవాళ్లు, వచ్చి ఆ చిన్న గదిలో ఒదిగి నిలబడ్డారు. వాళ్లందర్నీ చూస్తూ తాను ఏమనుకుంది, ఎవడెవడు ఎన్ని కిలోలతో పుట్టాడో అక్కకైతే గుర్తుండేది అనుకుంది. దుఃఖం రాలేదు. లెక్కలు అడగడానికి మనిషి లేదే అన్న చిరాకు వచ్చింది, అంతే.

మొన్న అక్క అలమర సర్దుతుంటే అడుగు అరలో మరో బొంత దొరికింది, ఒక్క అంచు తప్ప అంతా కుట్టినది, ఇవే కాలరు ముక్కలు, సూది అందులోనే గుచ్చి ఉంది. రెండు చేతులా పైకి తీసింది. చేతులు తమ అలవాటు కొద్దీ తూచాయి, అర కిలో అన్నాయి. ఆ మాట వినగానే నిలబడ్డచోటే నిలబడిపోయింది. కొక్కేనికి తగిలించి చూస్తే అర కిలోకు పిసరు తక్కువ. పూర్తయిన బొంత అయితే సరిగ్గా అర కిలో. అంటే రెండో నెలలో పిడికిలి ఐదు కాదు, నాలుగున్నర. మూడో నెలకు ఐదు. నెలలో అర కిలో పెరిగింది, చక్కగా, ఎవరూ వంక పెట్టలేనట్టు, వట్టి తల్లిపాలతో. కార్డు మీద పడుకున్న గీత నిజానికి లేచి నిలబడే ఉంది.

కేంద్రంలో పెద్ద నర్సుకు చెబితే ఆవిడ కళ్లజోడు పైకి నెట్టి, "ఇంత చిన్నదానికి అంత రాద్ధాంతమా? రిజిస్టరులో దిద్దెయ్యి. రేపు వెళ్లి తూచి, పెరిగిందమ్మా అని చెప్పిరా. ఆ పిల్లా సంతోషిస్తుంది, నీకూ తలనొప్పి ఉండదు," అంది. మంచి మనిషే, తన మీది ప్రేమతోనే అంది. తూకాలమ్మకు కూడా ఒక అరపూట ఆ మాట తీయగానే ఉంది. తర్వాత పాత్రలు తోముకుంటుంటే తట్టింది. ఇవాళ తూస్తే పెరిగే ఉంటుంది. పెరిగిందమ్మా అంటే ఆ అమ్మాయి దేన్ని చూస్తుంది? కిటికీ గట్టు మీది డబ్బాను. డబ్బాపాలు పట్టాకే పెరిగింది, నా పాలు దేనికీ పనికిరాలేదు అనుకుంటుంది. తరువాతి బిడ్డకు మొదటిరోజే డబ్బా తెచ్చుకుంటుంది. అక్కచెల్లెళ్లకూ అదే చెబుతుంది. తన తప్పు ఆ అమ్మాయి ఒంట్లో ఒక నమ్మకంలా ఉండిపోతుంది. రిజిస్టరునైతే రబ్బరుతో చెరపొచ్చు. అందుకే వచ్చింది. వచ్చి కూర్చుంది. కూర్చునే ఉంది.

పాప నిద్రలో పెదవులు చప్పరించి, ఎవరికీ సంబంధం లేని చిన్న నవ్వు నవ్వి, మళ్లీ గంభీరంగా అయిపోయింది. ఎంతసేపైంది? కిటికీలోంచి నేలమీద పడ్డ ఎండ పలక మంచం కోడు దగ్గర ఉన్నది కాస్తా గోడదాకా జరిగింది. గంట దాటి ఉంటుంది. చంటిది ఇంతసేపు పడుకోవడం మంచిదే, నిద్రలోనే పెరుగుతారు పిల్లలు. మిషను ఆగట్లేదు మరి, ఆగితేగా లేవడానికి. కష్టజీవి, ఒక్క క్షణం ఊపిరి తీసుకోదు, కుట్టిన కాలర్లు పక్కన దొంతిగా పేర్చి ఉన్నాయి, ఒకటి, రెండు, పన్నెండు. పన్నెండే. తాను వచ్చినప్పుడూ పన్నెండే అనుకుంటా, దొంతి పైన కత్తెర అలాగే ఉంది. కత్తెరను ఎత్తకుండా దొంతి మీద కాలరు ఎలా పెడుతుంది? తూకాలమ్మ కాస్త ముందుకు వంగి చూసింది. సూది దిగుతోంది, లేస్తోంది, దిగుతోంది. కింద ఒకే కాలరు. అమ్మాయి దాన్ని చివరిదాకా పోనిచ్చి, వెనక్కి లాక్కుని, మళ్లీ పోనిస్తోంది. తెల్లటి గుడ్డ మీద సన్నటి బెజ్జాల వరసలు. సూదిలో దారం లేదు.

"అమ్మాయ్," అంది తూకాలమ్మ. "దారం లేదమ్మా."

"తెలుసు." కాళ్లు ఆగలేదు. "ఎప్పుడో అయిపోయింది. కాలర్లు కూడా అయిపోయాయి."

"మరి?"

"ఆపితే లేస్తుంది. లేస్తే తూస్తారు." కాలరు వెనక్కి లాక్కుంది. "తూచి మళ్లీ ఏదో అంటారు. చెయ్యి పట్టుకుని మరీ అంటారు."

ఇక మెట్ల మీద సిద్ధం చేసుకున్న వరస గుర్తుకు రాలేదు. మాటలు ఎలా దొరికితే అలా వచ్చాయి, మిషను చప్పుడు మీదుగా కాస్త గొంతు పెంచుకుని. మొదటిసారి బొంతతో సహా తూచానమ్మా. బొంతే అర కిలో. పాప నాలుగున్నరే, నేను ఐదని రాశాను. తర్వాతి నెల ఐదంటే అర కిలో పెరిగినట్టు. డబ్బా పట్టకముందే పెరిగింది, నీ పాలతోనే పెరిగింది. తప్పు నాది.

"మళ్లీ చెప్పండి."

మళ్లీ చెప్పింది. రెండోసారి ఇంకా కష్టంగా ఉంది.

మిషను ఆగింది. గదిలోకి ఒక్కసారిగా వీధి వచ్చిపడింది, హారన్లు, కింద ఎవరో బకెట్ ఈడుస్తున్న చప్పుడు. అమ్మాయి చక్రం మీద అరచెయ్యి ఆనించి అలాగే కూర్చుంది. "ఇరవై రోజులు మేడమ్," అంది. "పక్కింటావిడ అంటే పట్టించుకోలేదు. మా అత్తయ్య 'కొందరి ఒళ్లు అంతేలే' అంటే, మీదేం పోయింది అని పోట్లాడాను. మీరన్నారు. మీరంటే నమ్మాను. అద్దంలో చూసుకుని, ఇంత ఒళ్లు పెట్టుకుని ఏం లాభమే నీకు అని తిట్టుకున్నాను."

"అవునమ్మా."

"అవునంటే సరిపోతుందా?"

"సరిపోదు."

అమ్మాయి ముక్కు ఎగబీల్చి బొంత వైపు చూసింది. అడిగేటప్పుడు గొంతు మారింది, కోపం ఉంది గానీ దాని పక్కన ఇంకేదో వచ్చి కూర్చుంది. "అది మీ అక్కగారు పోయాక మీరొచ్చిన రోజు కదూ? విప్పబుద్ధి కాలేదా?"

ఆ సంగతి చెప్పకూడదనే వచ్చింది. చెబితే తప్పుకు వంక వెతుక్కున్నట్టుంటుందని. తూకాలమ్మ తల ఊపింది. రెండు నెలలుగా రానిది అప్పుడు, పరాయివాళ్ల ఇంట్లో, స్టూలు మీద, సిగ్గు లేకుండా వచ్చింది. కొంగు అందుకునేలోపే చుబుకందాకా జారింది. అమ్మాయి ఓదార్చలేదు, అది కూడా సబబే.

పిడికిలి లేచింది. ముందు మూలిగింది, తర్వాత మిషను ఆగిందని గట్టిగా ఫిర్యాదు చేసింది. అమ్మాయి లేచి, ఇరవై రోజుల అలవాటుతో కిటికీ వైపు రెండడుగులు వేసి, సీసా మీదికి చెయ్యి చాపి ఆగింది. వెనక్కి వచ్చి, పాపను ఎత్తుకుని, మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుంది. "రాత్రిళ్లు నా పాలు పడుతూనే ఉన్నాను," అంది ఎటో చూస్తూ. "దానికోసమని కాదు. నాకు తోచక." పాప నోరు పెట్టింది, వదిలేసింది, సీసా కోసం తల అటూ ఇటూ తిప్పింది, ఎర్రబడి ఏడ్చింది. అమ్మాయి భుజం సర్దుకుని మళ్లీ అందించింది. మళ్లీ వదిలేసింది. మూడోసారి పట్టుకుంది.

తూకాలమ్మ సంచి ముట్టుకోలేదు. నోరు మాత్రం ఊరుకోలేదు, ఇరవై ఆరేళ్ల నోరు. "రాత్రి పడుతున్నావు గనక ఏం ఫరవాలేదమ్మా, పగలు కూడా గంటకో రెండు గంటలకో పెడుతూ ఉండు, పీల్చేకొద్దీ వస్తాయి, సీసా ఒక్కసారే మానొద్దు, కొంచెం కొంచెంగా తగ్గిద్దాం, నేను రోజూ వస్తాను, నాదే తప్పు, నేనే..."

"ష్," అంది అమ్మాయి. "మాట్లాడకండి. వినపడట్లేదు."

ఏం వినాలో ఇద్దరికీ తెలుసు. పీల్చడం వేరు, మింగడం వేరు. వట్టి పీల్పులకు పెదవుల చప్పుడే ఉంటుంది. పాలు దిగినప్పుడు గొంతులో చిన్న గుటక పడుతుంది, గది నిశ్శబ్దంగా ఉంటేనే తెలుస్తుంది. కింద బకెట్ ఆగింది. పాప గబగబా పీలుస్తోంది, పొడిపొడిగా, కోపంగా, పది, పదిహేను, ఆగి ఊపిరి తీసుకుంది, మళ్లీ మొదలుపెట్టింది. అమ్మాయి కళ్లు మూసుకుని తల వంచి, చెవిని బిడ్డ నోటిదాకా తెచ్చింది. తూకాలమ్మ ఊపిరి బిగబట్టింది. పీల్పులు నెమ్మదించాయి, పొడుగయ్యాయి.

అమ్మాయి కళ్లు తెరవకుండానే, చెయ్యి పైకెత్తి ఒక వేలు చూపించింది.

కొంతసేపటికి రెండో వేలు లేచింది.